ఎనకొచ్చేటోని బువ్వ

మొన్న స్టాఫ్‌రూంలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. ట్రయాథ్లాన్ నడిపే క్లబ్బు కుర్రవాడు. పోయినేడు చలికాలంలో శ్రీరంగాపూర్ చెరువులో ఈత, వీపనగండ్ల రోడ్డు మీద సైకిలు, ఆ తర్వాత మా బడి ఉన్న ఊరి మీదుగా పరుగు, ఈ మూడూ ఒక్క పొద్దున్నే పెట్టించింది వీళ్ళే. ఈసారి ఇంకా పెద్దగా చేస్తారట. బడి గేటు దగ్గర మళ్ళీ నీళ్ళ టేబులు వేసుకుంటామన్నాడు, వాలంటీర్లను మళ్ళీ నన్నే పోగుచేయమన్నాడు. అదంతా అయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"మ్యామ్, లాస్ట్ ఇయర్ మీ దగ్గర ఒక అమ్మ ఉన్నారు కదా, అందర్నీ గట్టిగా పిలుస్తూ. ఆవిడ్ని మాత్రం తప్పకుండా పెట్టండి. మా ప్రోమో మొత్తం ఆవిడ వాయిస్ మీదే నడుస్తోంది."

"ఆమె లేదు బాబూ."

"ఊరెళ్ళారా?"

"చనిపోయింది. దసరా సెలవుల్లో."

"అయ్యో, సో శాడ్ మ్యామ్," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడనుకుంటాను. ఆ తర్వాత, "అలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటే చూస్తారా?" అని అడిగాడు.

"లేరు," అని ఫోన్ పెట్టేశాను.

అయినా ఆ వీడియో పంపించాడు. పొగమంచులో చెరువు, పైనుంచి తీసిన దృశ్యాలు, నల్లటి రబ్బరు బట్టల్లో ఈదేవాళ్ళు, గుండెలదిరే సంగీతం. సంగీతం ఒక్కసారి ఆగిపోయి ఆమె గొంతు వినిపించింది. "రా బిడ్డ రా! బువ్వుంది, రా!" అంతే. మనిషి కనిపించదు. ఒక మోచెయ్యి, ఒక స్టీలు డబ్బా మూత కనిపిస్తాయి. కిటికీ అవతల ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి ఇటు తిరిగారు. "అవ్వ గొంతు," అంది ఒక పిల్ల. నేను ఫోను తిప్పి బల్ల మీద బోర్లా పెట్టాను.

ఆమె మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పిల్లలంతా అవ్వ అనేవాళ్ళు, నేనూ అదే అనేదాన్ని. నిజానికి అంత వయసేమీ లేదు, పని ఆమెను ముందే అవ్వను చేసింది. అవ్వ అంటే పలికేది గాని ఎవరైనా అమ్మా అని పిలిస్తే మొహం మాడ్చుకునేది. ఒకసారి మా హెడ్మాస్టరు, "అమ్మా, జర ఇటు రా," అన్నారు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "ఏం పని చెప్తరో చెప్పుండ్రి సారూ," అంది. తర్వాత నాతో, "అమ్మ అని ఊకె ఎవరు పిలువరు మేడం. ఎన్క ఒక పని పట్టుకొనే పిలుస్తరు," అంది. ఆయన నిజంగానే టాంకు కడగమని చెప్పడానికి పిలిచారు.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. పిల్లలందరూ తిన్నాక ప్లేట్లు కడిగేది, పప్పు గిన్నె కడిగేది, నేల కడిగేది. అన్నం గిన్నె మాత్రం కడిగేది కాదు. అడుగున ఒక పిడికెడు అన్నం ఉంచి మూతపెట్టి, బడి వదిలేదాకా అట్లాగే పెట్టేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆ మూత తీసి చూసి నానా మాటలూ అన్నాడు. పాచి గిన్నె పెట్టుకుని కూర్చున్నారు, ఈగలు ముసురుతున్నాయి, ఇదేనా శుభ్రత అని. ఆమె చేతులు కట్టుకుని అంతా విన్నది.

"ఇంక ఒకడు రాలె సారూ," అంది.

"ఎవడు?"

"ఎవడో ఒకడు. ఎనకొచ్చేటోడు ఎప్పుడు ఉంటడు."

ఆయన రిజిస్టరు చూడటానికి లోపలికి వెళ్ళగానే ఆయన జీపు డ్రైవరు వంటింటి గుమ్మంలోకి వచ్చి, పొద్దుటినుంచి ఏమీ తినలేదు, ఏమన్నా ఉందా అని అడిగాడు. అవ్వ ఆ పిడికెడూ అతనికి పెట్టింది. అధికారికి చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కడుపుమంట.

ఇంకొకటి, గేటు. సాయంత్రం గంట కొట్టగానే గేటు దగ్గర నిలబడేది. ప్రతి పిల్లా పిల్లవాడూ ఆమెకు "పోయొస్త అవ్వా" అని చెప్పి వెళ్ళాలి. చెప్పకుండా ఉరికితే చొక్కా పట్టుకుని వెనక్కి లాగేది. "పోతున్న" అన్నా ఊరుకునేది కాదు. "పోతున్న ఏందిరా, పోయొస్త అను," అని అనిపించుకునేదాకా వదిలేది కాదు. మేము టీచర్లం నవ్వుకునేవాళ్ళం. తర్వాత తర్వాత మేమూ ఆమె ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆ మాట అనకుండా గేటు దాటలేకపోయాం.

ఇదంతా ఎందుకో ఒకరోజు చెప్పింది. మధ్యాహ్నం ఆమె బియ్యంలో రాళ్ళేరుతుంటే నేను పక్కన కూర్చున్నాను. మాది నాగర్‌కర్నూల్. మా దిక్కు నుంచి కూడా బొంబాయి పనులకు జనం లారీల్లో పోవడం చిన్నప్పటినుంచీ చూశాను, అయితే చూడటమే తప్ప పోయిన ఇల్లు కాదు మాది. మాట వచ్చి, ఆమె కూడా ఆ పనులకు పోయిందా అని అడిగాను.

"కాలువ పనికి పోయినం మేడం. బొంబాయి దాటి ఇంక అవతలికి. అందరు పొద్దుగాల తట్ట, పార పట్కొని పోతరు. నేను గుడిసెలకాడ వంట. గుంపుల ఒక పద్ధతి ఉంటది. ఆఖరి మనిషి వచ్చి తినేదాక బువ్వ గిన్నె కడగొద్దు. కడిగితే, ఇగ ఎవరు రారు అన్నట్టు. అడుగున పెడతం గద, అది ఎనకొచ్చేటోని బువ్వ. ఎంత ఆకలైనా దాన్ని ఎవరు ముట్టరు." చేట ఒకసారి చెరిగి మళ్ళీ మొదలుపెట్టింది. "ఒక దినం నా మొగడు రాలె. పొద్దుగాల బీడీకట్ట అడిగిండు, ఇచ్చిన, పోయిండు. పోయొస్త అని అన్లె. పొద్దుగూకినంక మేస్త్రి వచ్చి, ఆడు వేరే గుంపుల కలిసి గోవ దిక్కు పోయిండంట, గిన్నె కడుక్కో అన్నడు. ఇంకొకాయన, కాదు, కాలువల పెళ్ళ విరిగిపడ్డది, మన్ను కింద ఉన్నడు అన్నడు. ఏది నిజమో నాకు తెల్వదు. తవ్వి చూడుండ్రి అన్న. తవ్వితే పని ఆగుతదన్నరు."

"మరి గిన్నె?"

"నేను కడగలె. మేస్త్రి వేరేదాంతోని కడిగిపిచ్చిండు."

ఆమె బొట్టు తీయలేదు. అడిగినవాళ్ళకు, "ఆడు సచ్చిండని నీకెవరు చెప్పిండ్రు? నాకైతే ఎవరు చెప్పలె," అనేది. అడిగిన మనిషి ఇంకోసారి అడగకుండా ఉండేటట్టు అనేది.

ట్రయాథ్లాన్ రోజు ఆదివారం. సెలవు పోయిందని నేను సణుక్కుంటూనే తెల్లవారకముందు వనపర్తి నుంచి బయల్దేరాను. అవ్వను హెడ్మాస్టరు టీ కాయడానికి రమ్మన్నారు, అమ్మా అని పిలిచే రమ్మన్నారు. అక్కడికి వచ్చాక క్లబ్బు కుర్రవాడు ఆమెకూ ఒక పచ్చ టీషర్టు ఇచ్చాడు. చీర మీదనే తొడుక్కుంది. వీపు మీద ఏదో రాసి ఉందని నన్ను అడిగింది.

"ఏంది మేడం రాసిండ్రు?"

"వాలంటీర్ అని. పైసలు తీసుకోకుండా పనిచేసేవాళ్ళు అని."

"మా తాత కాలంల దాన్ని వెట్టి అంటుండ్రి," అంది ఆమె. "అంగి అయితే ఇయ్యకపోతుండ్రి."

ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వేల రూపాయలు కట్టి వచ్చి ఈది, తొక్కి, పరుగెత్తడం ఏమిటో చెప్పడానికి నేను చూశాను గాని నాకే సరిగ్గా చెప్పడం రాలేదు. అరుగు మీద కూర్చున్న ముసలాయన, "గీల్ల ఎన్క ఎవరన్న పడ్డరా ఏంది, గట్ల ఉర్కుతుండ్రు?" అన్నాడు. పత్తి చేనుకు పోతూ ఆగిన ఒకామె, "చెమట కోసం పైసలు కట్టిండ్రంట. మా చేనుకు రమ్మను, ఊకెనే పట్టిస్త," అంది. అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే చప్పట్లు కొట్టారు కూడా, ఆ మాట చెప్పాలి. అంబులెన్సు ఒకటి బడి పక్కన నిలిపి పెట్టారు. మా దిక్కు ఎవరికి పాణం మీదికి వచ్చినా ఫోన్లు చేసి చేసి విసిగి చివరికి ఆటోలో దవాఖానకు పోతాం. అటువంటి బండి ఏ రోగీ లేకుండా పొద్దంతా నీడకు నిలబడి ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

ఆమెకు చప్పట్లు కొట్టడం రాదు. దూరంగా మనిషి కనిపించగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "రా బిడ్డ రా! బువ్వుంది, రా!" అని కేక పెట్టేది. గుడిసెల దగ్గర పొద్దుగూకేవేళ పెట్టే కేక అది. అలసిపోయి వచ్చేవాళ్ళు ఆ కేకకు తలెత్తి చూసేవాళ్ళు. కొందరు నవ్వారు. ఒకమ్మాయి నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఎందుకో తెలియదు. బువ్వ ఉన్నమాట కూడా నిజమే. ఇంటి నుంచి స్టీలు డబ్బాలో అన్నం, పచ్చిపులుసు తెచ్చింది. కుర్రవాడు అది చూసి బెంబేలెత్తాడు. బయటి తిండి పెట్టకూడదు, అరటిపండ్లు, ఉప్పు నీళ్ళు మాత్రమే అన్నాడు. ఆమె డబ్బాను టేబులు కిందికి జరిపి, కుర్రవాడు వెళ్ళగానే మళ్ళీ పైన పెట్టింది.

అందరికన్నా వెనక ఒకాయన వచ్చాడు. నారింజ రంగు చొక్కా, బొద్దుగా, నలభై ఏళ్ళుండవచ్చు. ఒక కాలు ఈడుస్తున్నాడు. పరుగు మా గేటు ముందు నుంచి వెళ్ళి, అవతల మలుపు దగ్గర తిరిగి, మళ్ళీ మా ముందు నుంచే రావాలి. అవ్వ డబ్బా మూత తీసింది. ఆయన ఆగి చూసి, నిజంగా సంతోషపడ్డాడు.

"ఇప్పుడు తింటే కదల్లేనమ్మా. పోయొస్తా. వచ్చేటప్పుడు తింటా, ఉంచు," అన్నాడు.

"పోయి రా బిడ్డ," అంది అవ్వ. డబ్బాకు మూత పెట్టేసింది, మళ్ళీ తీయలేదు.

గడువు దాటింది. వ్యాను వచ్చింది, క్యాన్లు ఎక్కించారు, బ్యానరు విప్పారు. ఆపిన బస్సులను వదిలేశారు. అందరూ వచ్చేశారని కుర్రవాడు చెప్పాడు.

"ఒకాయన రాలె," అంది అవ్వ.

"వచ్చేశారమ్మా, అందరూ అయిపోయారు."

"నారింజ అంగి ఆయన. పోయొస్త అన్నడు. నీకు తెల్వకపోతే తెల్వదను."

కుర్రవాడు నా వైపు చూసి నవ్వి, టేబులు మడతపెట్టమని వ్యాను మనిషికి సైగ చేశాడు. ఆమె డబ్బా తీసుకుని గేటు పక్కన మోరీ బండ మీద కూర్చుంది. ఎండ ఎక్కింది. ఊరివాళ్ళు ఇళ్ళకు పోయారు. నీడకు రమ్మని నేను పిలిస్తే, "ఆడికి వస్తే మలుపు కనపడదు మేడం," అంది. నేను కుర్రవాడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. చెరువు దగ్గర బహుమతుల సంబరం నడుస్తోంది, ఎవరూ ఎత్తలేదు. ఆయన ఎక్కడైనా పడిపోయాడేమోనని నాకూ భయం పట్టుకుంది. అటు వెళ్ళే బండివాళ్ళను ఆపి చూడమన్నాం. ఎవరూ లేరన్నారు. ఆమె మోరీ మీద నుంచి లేవలేదు, మంచినీళ్ళు ఇస్తే తాగింది, అన్నం ముట్టలేదు.

పొద్దు వాలాక కుర్రవాడు తనే ఫోన్ చేశాడు. "ఆయన టర్నింగ్ దగ్గరే క్విట్ అయ్యారు మ్యామ్. ఫ్రెండ్ కారులో పెబ్బేరు రోడ్డున వెళ్ళిపోయారు. ఇందాక స్టేటస్ పెట్టారు, కొత్తకోట దగ్గర ధాబాలో బిర్యానీ తింటున్నారు. సేఫ్, వర్రీ కాకండి," అని నవ్వాడు.

అవ్వకు ఎట్లా చెప్పాలో తెలియక అట్లాగే చెప్పాను. ఆమె కాసేపు మలుపు వైపే చూసింది.

"చెప్పకుండనే పోయిండా?"

"ఊఁ."

"పోయొస్త అన్నడు గద మేడం," అంది. "నా మొగడన్న ఆ మాట అన్లె."

డబ్బాను చీర కొంగులో కట్టుకుని లేచింది. పచ్చ టీషర్టు చెమటకు వీపుకు అంటుకుపోయింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "తిన్నడంటనా?" అని అడిగింది.

"తిన్నాడట."

"పోనీ తీ," అని వెళ్ళిపోయింది.

ఆ మనిషి మీద నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు. ఆయన తెలిసి చేయలేదు, నిజమే. కాలు నొప్పి పెట్టింది, కారు కనిపించింది, ఎక్కాడు. మన కోసం ఎవరైనా ఎండలో కూర్చుంటారన్న ఊహ కూడా రాకపోవడం ఎంత సుఖమో ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది. ఆయనకు బహుశా ఇంకెక్కడో పోటీలో పతకం కూడా వచ్చి ఉంటుంది. ఆ తర్వాత అవ్వ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కాని సాయంత్రం గేటు దగ్గర పిల్లలు పోయొస్త అన్నప్పుడు, "వస్తవా? నిజంగనేనా?" అని అడగడం మొదలుపెట్టింది. చిన్న పిల్లలు భయపడి ఒట్లు వేసేవాళ్ళు.

దసరాకు బడి మూస్తే వంట ఉండదు, వంట లేకపోతే కూలీ లేదు. ఆ సెలవుల్లో ఆమె ఏటా కృష్ణ బ్రిడ్జి దాటి ఇటిక్యాల దిక్కు సీడు పత్తికి పోయేది. విత్తనాల కోసం వేసే పత్తి అది. మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రుద్దాలి, ఒక్కొక్క పువ్వుకూ, చేనంతా. ఊరి నుంచి ఆడవాళ్ళు రెండు ఆటోల్లో పోయి రెండు ఆటోల్లో వచ్చేవాళ్ళు. ఈసారి ఒకరోజు మధ్యాహ్నం నుంచి కండ్లు తిరుగుతున్నాయని అన్నదట. పని దిగే వేళకు సాలు చివర కూర్చుంది. ముందు ఆటోలోవాళ్ళు ఆమె వెనక ఆటోలో ఉందనుకున్నారు. వెనక ఆటోవాళ్ళు ముందు దాంట్లో పోయిందనుకున్నారు. చేను రైతు అప్పటికే గద్వాల పోయాడు. ఎవరూ తలకాయలు లెక్కపెట్టలేదు.

తెల్లవారి పనికి పోయినవాళ్ళే చూశారు. గట్టుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉందట. పక్కన డబ్బా, డబ్బా అడుగున పిడికెడు అన్నం. కొందరు గుండె అన్నారు, కొందరు ఎండ అన్నారు. రాత్రి ఎంతసేపు బతికి ఉందన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. ఆ అంబులెన్సు ఆ రోజు ఎవరి పోటీ దగ్గర నిలబడి ఉందో నాకు తెలియదు.

నేను నాగర్‌కర్నూల్ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. చెల్లెలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను గడప మీద కూర్చుంది. ఆటో డ్రైవరును నాలుగు తిట్లు తిడదామని, తిడితే తను కూడా తోడు వస్తుందని నేను అనుకున్నాను. ఆమె ఎవరినీ తిట్టలేదు.

"ఆ దినం నేను పనికి పోలె. ముందటి ఆటో వచ్చింది, అక్క దిగలె. ఎన్క దాంట్ల వస్తదన్నరు. అది గూడ వచ్చింది. ఆడ్నే చుట్టాలింట్ల ఉండిపోయిందేమో, పండుగ గద అన్నరు. మా అక్క పద్ధతి నీకు తెలుసు గద మేడం. గిన్నె కడగకుండ శానసేపు పెట్టిన. మల్ల పొద్దుగాల్నే నేను గూడ పత్తికి పోవాలె..."

పొయ్యి పక్కన అన్నం గిన్నె బోర్లించి ఉంది. ఆమె దాని వైపు చూడకుండా చేత్తో చూపించింది.

"కడిగి బోర్లిచ్చిన. కడగకుంటె వస్తుండెనా, మేడం?"